మూడు ట్రంకుపెట్టెల్లో ఒక నగరం: చెన్నైలో పాత పటాల సంరక్షణ సేవ ఎలా ఉంది?

చెన్నై రాయపేటలో ఒక ఇరుకు సందులో, పాత మేడ మొదటి అంతస్తులో, పాత కాగితాలను శుభ్రపరచి, చిరుగులు అతికి, స్కాన్ చేసి, జాబితాతో సహా తిరిగి అప్పగించే చిన్న సంస్థ ఒకటి ఉంది. అక్కడ పనిచేసేవారు నలుగురే. ఆస్తి వ్యాజ్యాల కోసం తాతల నాటి దస్తావేజులు పట్టుకొచ్చే వకీళ్లు, పెళ్లి ఫోటోల ఆల్బములు తెచ్చే కుటుంబాలు వారి దగ్గరకు ఎక్కువగా వస్తుంటారు. నేను తీసుకువెళ్లినవి ఆ రెండు కోవలకూ చెందవు. అవి ఒక పట్టణ ప్రణాళికా ఉద్యోగి ముప్పై అయిదేళ్లపాటు దాచుకున్న పటాలు, నోట్లు, కార్బన్ ప్రతులు. ఇటువంటి కాగితాలు అటక మీద ఉన్న తెలుగు కుటుంబాలు ఈ నగరంలో ఇంకా కొన్ని ఉంటాయన్న నమ్మకంతో, గత ఏడాది ఆ సంస్థతో నాకు కలిగిన అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. తప్పుపట్టవలసిన విషయాలు కూడా ఉన్నందున, చిన్న సంస్థ అయినందున, దాని పేరు రాయడం లేదు.

మా నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి 1951లో మద్రాసు పట్టణ ప్రణాళికా శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయన స్నేహితులు చాలామంది కర్నూలుకు తరలిపోయారు. ఆయన మాత్రం పశ్చిమ మాంబళంలోని అద్దె ఇల్లు వదలలేదు. 1967లో మద్రాసుకు తాత్కాలిక ప్రణాళిక తయారైనప్పుడు, 1971లో ఇరవై ఏళ్ల దృష్టితో మెట్రోపాలిటన్ ప్రణాళిక వెలువడినప్పుడు పటాలు గీసినవారిలో ఆయన ఒకరు. 1972లో తాత్కాలిక సంస్థగా మొదలై 1974లో చట్టబద్ధమైన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీకి ఆయన డిప్యుటేషన్ మీద వెళ్లి, 1976లో ఆమోదం పొందిన మొదటి మాస్టర్ ప్లాను పనిలో ఉండి, 1986లో పదవీ విరమణ చేశారు. ఆయన వదిలిపోయిన మూడు ట్రంకుపెట్టెల్లో రెండింటిని నేను ఆ సంస్థకు ఇచ్చాను.

మొదటి రోజు వారు చేసిన పనే నాకు వారి మీద గురి కలిగించింది. స్కానింగు దుకాణానికి ఎన్ని పేజీలు ఎక్కువైతే అంత రాబడి. అయినా సంస్థ నడిపే యువకుడు రెండు పెట్టెలూ విప్పి, ఒక పూటంతా కూర్చుని, అచ్చయిన పుస్తకాలను ఒక పక్కకు తీసి, వీటికి డబ్బు ఖర్చు పెట్టవద్దని చెప్పాడు. అందులో 1971 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం ప్రతి ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన వాస్తుశిల్పి లాంచెస్టర్ మద్రాసు పట్టణ ప్రణాళిక మీద 1918లో ప్రచురించిన గ్రంథం నుంచి తీసిన జిరాక్సు పేజీలున్నాయి. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం కూడా ఉంది. ఈ చివరిదాన్ని ఆంధ్ర పాఠకులు కూడా ఎరుగుదురు. రాష్ట్రాలు విడిపోయిన తరువాత పేరు మార్చుకుని మన వైపూ అదే అమలులో కొనసాగింది. అచ్చయినది ఎక్కడో ఒకచోట దొరుకుతుందని, ఒకే ఒక ప్రతిగా ఉన్నదానికే ముందు ప్రాధాన్యం ఇవ్వాలని అతని వాదన. ఆ లెక్కన నా పెట్టెల్లో నాలుగో వంతు కాగితానికి స్కానింగు అవసరం లేకుండా పోయింది, బిల్లూ అంత తగ్గింది.

ఒకే ప్రతి అన్న మాట ఈ రంగంలో ఎంత బరువైనదో ఈ ఊరి చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1914లో స్కాట్లండు ప్రణాళికావేత్త ప్యాట్రిక్ గెడ్డెస్ నగరాల ప్రదర్శనను మద్రాసుకు తెస్తుండగా, ఆ పటాలూ నమూనాలూ ఉన్న క్లాన్ గ్రాంట్ అనే ఓడను జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ముంచేసింది. సెప్టెంబరు 22న మద్రాసు రేవులోని చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించిన ఎండెన్ అదే. గడుసువాణ్ని తమిళంలో ఇప్పటికీ ఎండెన్ అంటారు. గెడ్డెస్ మిత్రులు స్వదేశంలో మళ్లీ పటాలు పోగుచేసి పంపగలిగారు కాబట్టి 1915లో మద్రాసులో ప్రదర్శన జరిగింది. మరో ప్రతి లేనివి మాత్రం సముద్రంలోనే ఉండిపోయాయి. నాన్నగారి నోటుపుస్తకం ఒకదానిలో ఈ ఉదంతం క్లుప్తంగా రాసి ఉంది. దాని కిందనే గెడ్డెస్ బళ్లారి నివేదిక నుంచి ఎత్తిరాసుకున్న పేజీలున్నాయి. పాత వీధులను బుల్డోజరుతో తుడిచిపెట్టకుండా, అవసరమైనచోట మాత్రమే కత్తి పెట్టాలన్న ఆయన సిద్ధాంతం నాన్నగారికి చివరిదాకా ఇష్టం.

ఇక అసలు పని సంగతి. పట్టణ ప్రణాళిక కాగితాలంటే అన్నీ ఒక జాతి కాగితాలు కావన్న విషయం నాకు అక్కడే బోధపడింది. బట్టకు గంజి పట్టించి నునుపు చేసిన ట్రేసింగ్ క్లాత్ మీద నల్లసిరాతో గీసిన మూల పటాలు కొన్ని. నీలి నేల మీద తెల్లగీతలు తేలే బ్లూప్రింట్లు కొన్ని. ఊదారంగు గీతలతో ఘాటు వాసన కొట్టే అమ్మోనియా ప్రింట్లు చాలా. రంగు పెన్సిళ్లతో నింపిన భూవినియోగ పటాలు పాతిక దాకా. నేను ఇంట్లో ఒక ట్రేసింగును తడిగుడ్డతో తుడవబోయి ఆగిన సంగతి చెప్పగానే, చిరుగులు అతికే పెద్దాయన ఉలిక్కిపడ్డారు. ఆయనది మూడు తరాలుగా మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం. "గంజి పెట్టిన బట్టమ్మా ఇది. తడి తగిలిందంటే గీత, బట్ట రెండూ పోతాయి. పొడి బ్రష్ తప్ప ఇంకేమీ తగలకూడదు" అన్నారు. పంచె గంజి సంగతి తెలిసిన ఏ ఇంటివారికైనా ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

వారు ప్రతి జాతినీ విడదీసిన తీరు శ్రద్ధగా ఉంది. అమ్మోనియా ప్రింట్లు వెలుగులో పాలిపోవడమే కాక, పక్కనున్న కాగితాలకు మరక అంటిస్తాయి. కాబట్టి వాటికి వేరే పెట్టె. సాధారణ కాగితాలకు వాడే సంరక్షణ అట్టల్లో ఆమ్లాన్ని విరిచేందుకు సున్నపు అంశం కలుపుతారు. ఇనుప లవణాలతో తయారైన బ్లూప్రింటు నీలిరంగు ఆ క్షారగుణానికే వెలిసిపోతుంది కాబట్టి వాటిని క్షారం కలపని కాగితంలో చుట్టారు. ఈ తేడా తెలియని చోట మంచి చేయబోయి చెడు చేస్తారు. తుప్పుపట్టిన గుండుసూదులు, క్లిప్పులు ఒక్కొక్కటిగా తీసి, అవి ఉన్న చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టారు. చిరుగులకు పలుచని జపాను కాగితం, గోధుమ పిండిలోంచి తీసిన శుద్ధమైన జిగురు వాడారు. సినిమా పోస్టర్లకు పూసే మైదా జిగురుకూ దానికీ చుట్టరికం ఉన్నా అది వేరు, ఇది వేరు. ఆ అతుకును ఎప్పుడు కావాలంటే అప్పుడు తేమ తగిలించి ఊడదీయవచ్చు. నాన్నగారు 1970లలో స్వయంగా అంటించిన సెల్లోటేపు మాత్రం ఎంత ప్రయత్నించినా పసుపుపచ్చని చారను వదిలే పోయింది. వీధి చివర దుకాణంలో వేడి ప్లాస్టిక్‌తో లామినేషన్ చేయించడం కంటే పెద్ద అపకారం లేదని, అది చేసిన పటాన్ని తరువాత ఎవరూ బాగుచేయలేరని వారు హెచ్చరించారు. అటువంటి రెండు పటాలు నా పెట్టెలో అప్పటికే ఉన్నాయి, వాటిని అలాగే వదిలేశారు.

పటాల స్కానింగులో నేను ప్రత్యేకంగా మెచ్చుకునేది కొలబద్ద. మద్రాసు రాష్ట్రంలో గ్రామ పటాలు మైలుకు పదహారు అంగుళాల కొలతలో ఉండేవి. అంటే అంగుళానికి 330 అడుగులు, సర్వే గొలుసుల లెక్కలో సరిగ్గా అయిదు గొలుసులు. పటాన్ని స్కాన్ చేసి మరో పరిమాణంలో ముద్రిస్తే పటం మూలన రాసిన ఆ మాట అబద్ధమైపోతుంది. పదోవంతు అంగుళం తేడా వచ్చినా నేల మీద 33 అడుగులు, అంటే ఒక ఇంటి వెడల్పు, తప్పుతుంది. పైగా చెన్నై తేమకు పాత కాగితం అడ్డంగా ఒక రకంగా, నిలువుగా మరో రకంగా సాగుతుంది, ముడుచుకుంటుంది. అందుచేత వారు ప్రతి పెద్ద పటం పక్కన రెండు వైపులా కొలబద్ద, కింద రంగుల పట్టీ పెట్టి, పైనుంచి కెమెరాతో చిత్రం తీశారు. రోలర్ల మధ్య నుంచి లాగే యంత్రాన్ని ట్రేసింగ్ క్లాత్ దరిదాపులకు కూడా రానివ్వలేదు. చిన్న పేజీలకు అంగుళానికి 300 చుక్కలు, పటాలకు 400 చుక్కలు తీసుకున్నారు. ఏ0 పరిమాణంలోని, అంటే సుమారు ఒక చదరపు మీటరున్న, ఒక్క రంగుల పటం ఏడువందల మెగాబైట్లకు పైన వచ్చింది. చివరికి అన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో రెండు ప్రతులుగా ఇచ్చారు.

రంగు విషయంలో మొదట పొరపాటు జరిగింది. నమూనాగా పంపిన పన్నెండు పటాలు నలుపు తెలుపుల్లో వచ్చాయి. వకీళ్ల దస్తావేజులకు అలవాటైన చేతికి అది సహజమే కావచ్చు గానీ, భూవినియోగ పటంలో రంగు పోతే అర్థమే పోతుంది. పసుపు అంటే నివాసం, ఊదా అంటే పరిశ్రమ, ఆకుపచ్చ అంటే ఖాళీ స్థలం. నేను అభ్యంతరం చెప్పిన మర్నాడే మళ్లీ రంగుల్లో తీసి పంపారు, అదనంగా ఏమీ అడగలేదు. ఇక్కడే ఒక చిన్న వినోదం కూడా జరిగింది. రెండో పెట్టె మీద మా అమ్మ చాలాకాలం పసుపు, కారం డబ్బాలు పెట్టేది. అరుంబాక్కం పటం ఒకదానిలో ఒక మూల పసుపు మరక పడి, చూసినవారికి అక్కడొక నివాస ప్రాంతం ప్రతిపాదించినట్టే కనిపిస్తుంది. పెద్దాయన దానిని గోటితో తడిమి, వాసన చూసి, జాబితాలో ఇది మరక, రంగు కాదు అని రాయించారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన అంశానికి వస్తాను. ఒక ప్రణాళికా ఉద్యోగి కాగితాలలో ఏ కాగితం దేని పక్కన ఉందన్నది కూడా ఒక సమాచారమే. అరుంబాక్కం, విల్లివాక్కం, కొడుంగయ్యూరుల్లో ప్రపంచ బ్యాంకు సాయంతో స్థలాలు, కనీస వసతులు కల్పించే పథకం 1977 నుంచి అమలైందని ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. అక్కడ వీధి వెడల్పు ఎంత ఉండాలన్న దాని మీద నాలుగు పటాలు వరుసగా మారడం, ఒక్కొక్క పటం వెనుక దానికి కారణమైన ఉత్తరం ట్యాగుతో కట్టి ఉండడం మాత్రం ఆ పెట్టెలోనే కనిపిస్తుంది. పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట అని పరిమాణాన్ని బట్టి విడదీస్తే ఈ కథ తెగిపోతుంది. భద్రపరచడానికి విడదీయక తప్పదు. అందుకు వారు ప్రతి కట్టనూ విప్పే ముందు ఫోటో తీసి, ఏ పటం ఏ ఉత్తరంతో ఉండేదో తెలిపే చీటీ రెండు చోట్లా ఉంచి, అదే సంఖ్యను స్కాన్ ఫైలు పేరులో చేర్చారు. ఈ పనికి వేరే ధర లేదు. అడగకుండానే చేశారు.

ఈ వరుసకు ఎందుకింత విలువ అన్న ప్రశ్నకు జవాబు మన కార్యాలయాల పద్ధతిలోనే ఉంది. పాత మద్రాసు రాష్ట్రపు జిల్లా కార్యాలయాల పద్ధతి ప్రకారం ముగిసిన ఫైలు మీద ఆర్.డిస్. అని పడితే అది శాశ్వతంగా ఉంటుంది; డి.డిస్. అని పడితే పదేళ్ల తరువాత, ఎల్.డిస్. అని పడితే ఏడాది తరువాత తగలబెట్టవచ్చు. ఆంధ్రలోని కలెక్టరేట్లలో పనిచేసినవారికి ఇవి కొత్త మాటలు కావు. తుది ఉత్తర్వు జీవోగా శాశ్వత వరుసలోకి పోతుంది. ఆ ఉత్తర్వుకు ముందు జరిగిన తర్జనభర్జనలు, కొట్టివేసిన పటాలు, కింది ఉద్యోగి లేవనెత్తిన సందేహాలు చాలావరకు పదేళ్ల గడువులోనే కాలిపోతాయి. నాన్నగారి కార్బన్ ప్రతులలో ఎక్కువ భాగం ఈ రెండో రకానివి. నగరం ఎలా ఉండాలని నిర్ణయించారో తెలుసుకోవడానికి ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళితే చాలు. ఇంకెలా ఉండి ఉండవచ్చో తెలుసుకోవడానికి ఇటువంటి పెట్టెలే దిక్కు.

ఇంత జాగ్రత్త ఉన్నచోట భాష విషయంలో కలిగిన నిరాశ నాకు బాగా గుచ్చుకుంది. నాన్నగారు కార్యాలయ నోట్లు ఇంగ్లీషులో రాసినా, పటాల అంచుల్లో తనకోసం రాసుకున్న మాటలు తెలుగులో ఉంటాయి. జాబితా మొదటి ప్రతిలో ఆ రాతలున్న ప్రతి పటం ఎదురుగా "అంచుల్లో కన్నడ గుర్తులు" అని ఉంది. తెలుగువారు ఇన్ని తరాలుగా ఉన్న ఊళ్లో, త్యాగరాయ చెట్టి పేరున్న నగరుకు, పానగల్లు రాజా పేరున్న పార్కుకు బస్సెక్కి వెళ్లేంత దూరంలో, ఈ మాట చదవడం కష్టంగానే అనిపించింది. తప్పు కంటే ఆ తప్పు వెనుకనున్న తేలికభావం బాధించింది. అవి చదవవలసిన అక్షరాలని ఎవరికీ తోచలేదు.

ఆ అంచుల్లో ఏముందో రెండు మాటల్లో చెబుతాను. వేళచ్చేరి పటం ఒకటి ఉంది. అప్పటికి అది ఊరు, దాని పక్కన ఏరి, అంటే చెరువు. చెరువుకు దిగువనున్న సర్వే నంబర్ల పక్కన నాన్నగారి అక్షరాల్లో "కార్తీకంలో ఇక్కడ మోకాలి లోతు. కరణం చూపించాడు" అని ఉంది. అచ్చయిన ప్రణాళికలో ఆ వాక్యం లేదు, ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే కరణం మాటకు కొలత లేదు. 2015 డిసెంబరు వరదల్లో వేళచ్చేరి ఎలా మునిగిందో చూసినవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. అలాగే కొత్వాల్ చావడి పటం మీద, కూరగాయల బండ్లు ఏ వేళ ఏ సందులో నిలుస్తాయో గంటల వారీగా తెలుగు అంకెల్లో రాసి ఉంది. ఆ టోకు బజారు 1996లో కోయంబేడుకు తరలిపోయింది కాబట్టి ఇప్పుడు ఎవరు వెళ్లి లెక్కపెట్టినా ఆ అంకెలు దొరకవు. ఇవి కన్నడ గుర్తులుగా జాబితాలో మిగిలిపోయి ఉంటే, రేపు వెతికే పరిశోధకుడికి లేనట్టే లెక్క.

ఫిర్యాదు చేసినప్పుడు వారు వాదించలేదు. అయితే సరిదిద్దే మనిషి వారి దగ్గర లేడు. అతుకుల పెద్దాయన ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదువుకున్నది తమిళం. మన లిపి ఆయనకు రాదు. ఈ నగరంలోని ఎన్నో తెలుగు ఇళ్ల పరిస్థితి ఇదే కనుక అందులో ఆయన లోపం ఏమీ లేదు. చివరికి మూడు మధ్యాహ్నాలు నేను వెళ్లి పటం పక్కన కూర్చుని అంచు రాతలు పైకి చదివాను. ఆయన విని తమిళంలో చెప్పారు. అక్కడి అమ్మాయి టైపు చేసింది. నా పట్టుదల మీద మూల వాక్యాన్ని తెలుగు లిపిలోనే జాబితాలో చేర్చి, పక్కన అర్థం పెట్టారు. పని పూర్తయింది, ఆ మధ్యాహ్నాలు నాకు సంతోషంగానే గడిచాయి కూడా. కానీ డబ్బు ఇచ్చిన మనిషే వచ్చి చేయవలసిన పని అది కాదు. తెలుగు, కన్నడ, ఉర్దూ రాతలున్న కాగితాలు చెన్నైలో అరుదు కానందున, ఆ లిపులు చదివేవారిని గంటల లెక్కన పిలిపించుకునే ఏర్పాటు వారికి ఉండాలి.

రెండో లోపం వెనుక వైపులు. పటం వెనుక ఖాళీగా ఉంటుందన్న ఊహతో ముందు వైపు మాత్రమే తీశారు. ఇంటికి తెచ్చుకుని సరిచూసుకుంటే, పందొమ్మిది పటాల వెనుక పెన్సిలు లెక్కలు, క్షేత్రానికి వెళ్లిన తేదీలు కనిపించాయి. తిరిగి తీసుకువెళితే ఉచితంగా తీసిచ్చారు గానీ, పాత పటాన్ని ఆటోలో రెండుసార్లు అటూ ఇటూ తిప్పడమే దానికి ఒక శిక్ష. ఒక ట్రేసింగు అంచు విప్పేటప్పుడు రెండు అంగుళాలు చిరిగింది. వారే ఫోన్ చేసి చెప్పి, అతికి, ఎక్కడ చిరిగిందో రసీదులో రాసిచ్చారు. దాచిపెట్టి ఉంటే నేను గమనించి ఉండేదాన్ని కాదు. ఆరు వారాలన్న గడువు పదకొండు వారాలైంది; మధ్యలో నేను ఫోన్ చేస్తే తప్ప కబురు రాలేదు.

ధర సంగతి. చిన్న పేజీకి 7 రూపాయల చొప్పున 1,940 పేజీలకు 13,580. పెద్ద పటానికి 200 చొప్పున 86 పటాలకు 17,200. శుభ్రపరచడం, అతుకులు, పెట్టెలు కలిపి 9,000. పన్నుతో మొత్తం 46,940 రూపాయలు చెల్లించాను. పెన్షన్ మీద బతికే ఇంటికి ఇది తక్కువ మొత్తం కాదు. అయినా పటానికి 200 అన్నది, కొలబద్ద, రంగుల పట్టీ, చీటీల పని చూసిన తరువాత, నాకు న్యాయంగానే అనిపించింది. చిన్న పేజీల ధర మాత్రం కాస్త ఎక్కువ. కార్బన్ ప్రతులు శుభ్రంగానే ఉన్నవారు వాటిని ఇంట్లోనే ఫోన్‌తో ఓపికగా తీసుకుని, పటాలను మాత్రం ఇలాంటి చేతులకు అప్పగించడం మేలు.

ఇవ్వబోయేవారు ముందుగా ఆలోచించుకోవలసిన విషయం మరొకటి ఉంది. ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లో ఉన్న కార్యాలయ ప్రతులు ఎవరివి? కేంద్ర ప్రభుత్వ రికార్డులకు 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఉంది. రాష్ట్ర కార్యాలయాలకు వాటి నియమాలు వాటికున్నాయి. సంస్థవారు పని మొదలుపెట్టే ముందే, అసలు ఫైళ్లు ఏవైనా ఉంటే సంబంధిత కార్యాలయానికి తెలియజేస్తానని నా చేత ఒక హామీపత్రం రాయించుకున్నారు. మొదట నాకు అది అతిగా తోచింది. పెట్టెలో ఒక అసలు ఎఫ్.ఎం.బి. పత్రం, అంటే పొలం కొలతల పుస్తకంలోని ఒక ఆకు, బయటపడినప్పుడు వారిదే సరైన పద్ధతి అని ఒప్పుకున్నాను. దానిని స్కాన్ చేయకుండా విడిగా కవరులో పెట్టి ఇచ్చారు. నేను సర్వే కార్యాలయంలో అప్పగించి రసీదు తీసుకున్నాను. మిగిలినవన్నీ నాన్నగారి సొంత రాతలు, ఆయనకు వచ్చిన ఉత్తరాలు, ఆయన తీసుకున్న ప్రతులే.

తిరిగి వచ్చిన కాగితాల నాణ్యత గురించి చివరిగా ఒక పరీక్ష చేశాను. గాంధీ ఇర్విన్ రోడ్డు మీద ఒకవైపు 1909లో కట్టిన పాత రికార్డు ఆఫీసు ఎర్ర భవనం, అదే రోడ్డులో నేటి మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ కార్యాలయం ఉన్న తాళముత్తు నటరాజన్ మాళిగై ఉన్నాయి. నగరపు గతమూ భవిష్యత్తూ ఒకే రోడ్డులో ఉండడం నాన్నగారికి నవ్వు తెప్పించేది. 2008లో వెలువడి 2026 దాకా వర్తించే రెండో మాస్టర్ ప్లాను పటాలను తెర మీద ఒకవైపు, నా డిస్కులోని 1970ల పటాలను మరోవైపు పెట్టి, మా వీధి నుంచి మొదలుపెట్టాను. మా ఇంటికి దగ్గరలోని లేక్ వ్యూ రోడ్డుకు ఆ పేరు ఎందుకు వచ్చిందో కొత్తగా వచ్చినవారికి తెలియదు. 1920లలో మాంబళం పెద్ద చెరువును ఎండగట్టి త్యాగరాయ నగర్ వేయకముందు అక్కడి నుంచి నీళ్లు కనబడేవి. నాన్నగారి పటంలో ఆ చెరువు పాత గట్టు సన్నని చుక్కల గీతగా ఉంది. స్కానులో ఆ చుక్కలు ఒక్కటి కూడా పోలేదు. పెద్దది చేసి చూస్తే పెన్సిలు ఒత్తిడి కూడా తెలుస్తోంది. నగర పరిధి అప్పటి నుంచి పెరిగి, 1,189 చదరపు కిలోమీటర్ల మెట్రోపాలిటన్ ప్రాంతం 2022లో 5,904 చదరపు కిలోమీటర్లయింది. కొత్తగా కలిసిన ఊళ్లలో కూడా చెరువులూ, వాటి లోతు తెలిసిన మనుషులూ ఉండే ఉంటారు; అక్కడి పటాల అంచుల్లో ఎవరైనా రాసుకుంటున్నారో లేదో గానీ, నేటి ప్రణాళికలు తెర మీదనే తయారవుతాయి కనుక వాటికి అంచులే తక్కువ.

నోటుపుస్తకాలున్న మూడో పెట్టె ఇంకా ఇంట్లోనే ఉంది. వస కొమ్ములు, ఎండిన వేపాకు వేసి మూశాను. ఈశాన్య ఋతుపవనం వెళ్లి గాలిలో తేమ తగ్గాక, జనవరిలో అదే సంస్థకు ఇవ్వాలని నిశ్చయించుకుని ముందుగానే మాట్లాడాను. ఈసారి అంగీకారపత్రంలో రెండు వాక్యాలు నేనే చెప్పి రాయించాను: ప్రతి కాగితానికీ వెనుక వైపు కూడా తీయాలి, తెలుగు రాత ఉన్నచోట తెలుగు అని రాయాలి.